పసుపుబారిన ప్లాస్టిక్ నమూనా నౌకలు: పునరుద్ధరణ, సంరక్షణ

నమూనా నౌకల్లో వాడిన తెల్లని లేదా లేత రంగు ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ దంతపు రంగుకు, ఆ తర్వాత తేనె రంగుకు తిరగడాన్ని పసుపుబారడం అంటారు. ఇది పైన పేరుకున్న మురికి కాదు. వెలుతురు, వేడి, గాలిలోని ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్ అణువుల అల్లికనే మార్చివేయడం వల్ల ఏర్పడే రసాయన పరిణామం. అందుచేత ఎంత కడిగినా పోదు. రంగును ఏదో ఒక మందుతో విరిచివేసినా, ఆ రంగుకు కారణమైన నష్టం అలాగే మిగిలిపోతుంది. పునరుద్ధరణ పేరుతో వాడుకలో ఉన్న పద్ధతులను బేరీజు వేసేటప్పుడు మొదట గుర్తుంచుకోవలసింది ఇదే.

నమూనాల్లో వాడే ప్లాస్టిక్కులు

బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1952లో వూల్‌వర్త్ దుకాణాల కోసం తయారుచేసిన ‘గోల్డెన్ హైండ్’ అనే తెరచాప ఓడ కిట్‌ను, అంతకుముందు వాడిన సెల్యులోజ్ అసిటేట్‌ను విడిచిపెట్టి, వంకర్లు పోకుండా నిలిచే పాలీస్టైరీన్‌తో పోతపోసింది. మరుసటి ఏడాది అమెరికాలో రెవెల్ విడుదల చేసిన ‘మిస్సోరీ’ యుద్ధనౌక, 1971లో జపాన్‌లోని షిజువోకా కంపెనీలు కలిసి మొదలుపెట్టిన 1:700 నిష్పత్తి ‘వాటర్‌లైన్’ వరుస కూడా ఆ ప్లాస్టిక్‌వే. నీటిలో నడిపే రేడియో నియంత్రిత పడవల సంగతి వేరు. అవి గట్టుకు గుద్దుకున్నా పగలకూడదు కాబట్టి, ఏబీఎస్ రేకును వేడిచేసి, అచ్చుకూ రేకుకూ మధ్య ఉన్న గాలిని లాగివేసి, రేకు అచ్చుకు అతుక్కునేలా చేసే వాక్యూమ్ ఫార్మింగ్ పద్ధతిలో వాటి హల్‌ను, అంటే నీటిలో మునిగే డొల్లను, తయారుచేస్తారు. పెద్ద పడవల హల్‌లకు గాజునార కలిపిన పాలియెస్టర్ రెసిన్ వాడతారు. చిన్న చిన్న అలంకార భాగాలను పాలీయూరెథేన్ రెసిన్‌తో పోతపోస్తారు. ఒకే నమూనాలో ఈ నాలుగూ ఉండవచ్చు. నాలుగూ ఒకే వేగంతో పసుపుబారవు, ఒకే మందుకు లొంగవు.

రంగు మారడానికి కారణం

ఏబీఎస్ అనేది అక్రిలోనైట్రైల్, బ్యూటడయీన్, స్టైరీన్ అనే మూడు పదార్థాల కలయిక. దానికి రబ్బరు వంటి సాగే గుణాన్ని ఇచ్చేది బ్యూటడయీన్; త్వరగా దెబ్బతినేది కూడా అదే. దాని అణుగొలుసులో మిగిలిపోయిన ద్విబంధాల దగ్గర అతినీలలోహిత కిరణాలు తాకినప్పుడు స్వేచ్ఛా రాడికల్స్ అనే చురుకైన అణుశకలాలు పుట్టి, అవి ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లుగా, ఆ పెరాక్సైడ్లు విచ్ఛిన్నమై కార్బొనైల్ సముదాయాలుగా మారుతూ, ఒకసారి మొదలైన చర్య తనంతట తానే సాగిపోతుంది. ఇలా ఏర్పడిన సముదాయాలు, వరుసగా పేరుకున్న ద్విబంధాలు కాంతిలోని నీలి భాగాన్ని పీల్చుకుంటాయి. నీలం తగ్గిన వెలుతురు కంటికి పసుపుగా కనిపిస్తుంది. పాలీస్టైరీన్‌లో రబ్బరు లేకపోయినా దాని బెంజీన్ వలయాలకు ఆనుకుని ఉన్న కర్బనం దగ్గర ఇటువంటి చర్యే నెమ్మదిగా జరుగుతుంది. ఆక్సిజన్ లోతుకు దిగలేదు కనుక, మార్పు మిల్లీమీటరులో స్వల్ప భాగం మందమున్న పై పొరకే పరిమితమవుతుంది. ఆ పొర పెళుసుబారి, వంచితే సన్నని బీటలు తీస్తుంది.

తెల్లని భాగాల్లో ఈ మార్పు కొట్టొచ్చినట్టు కనిపించడం సహజమే గానీ, మిగతా రంగులు తప్పించుకున్నట్టు కాదు: నీలం ఆకుపచ్చ వైపు జరుగుతుంది, యుద్ధనౌకల బూడిదరంగు ఖాకీలా అవుతుంది. కిటికీ అద్దం రక్షిస్తుందన్న నమ్మకం సగమే నిజం. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో పొట్టి తరంగాలను అడ్డుకున్నా, పొడుగు తరంగాలను చాలావరకు లోపలికి వదిలేస్తుంది. చీకటి పెట్టెలో దాచినా వేడి ఉంటే చర్య ఆగదు. ఇటువంటి రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుందన్నది స్థూలమైన లెక్క.

ఏది పసుపుబారిందో తేల్చుకోవడం

చికిత్సకు ముందు, పసుపు ఉన్నది ప్లాస్టిక్‌లోనా, పై పూతలోనా, పేరుకున్న పొగలోనా అన్నది తెలియాలి. సిగరెట్ పొగ, వంటింటి నూనె ఆవిరి పట్టిన జిడ్డు, గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు కలిపి మెత్తని బ్రష్‌తో కడిగితే దూదికి గోధుమరంగుగా అంటుకుని వచ్చేస్తుంది. డెక్ మీద విడదీయగల వించ్‌నో, లైఫ్‌బోట్‌నో పైకి తీస్తే దాని అడుగున, అంచులు స్పష్టంగా తెలిసే తెల్లని జాడ కనిపించి, చుట్టుపక్కల ఎనామిల్ గానీ వార్నిష్ గానీ లేకపోతే, మారింది ప్లాస్టికే. పాత నూనె ఆధారిత ఎనామిల్‌లు, వార్నిష్‌లు ప్లాస్టిక్‌కు విరుద్ధంగా ప్రవర్తిస్తాయి: చీకట్లో పసుపుబారి, వెలుతురులో కొంత విరుగుతాయి. అల్మారాలో ఏళ్ల తరబడి భద్రంగా మూసి ఉంచిన ఓడ బయటికి తీసేసరికి పచ్చబడి కనిపించడం వెనుక తరచుగా ఉన్నది ఈ వార్నిషే; దానికి, ప్లాస్టిక్‌ను తెల్లబరచడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ పూయడం వృథా.

పెరాక్సైడ్ పద్ధతి

పాత కంప్యూటర్ల పెట్టెలను తెల్లబరచడానికి అభిరుచిపరులు 2008లో ప్రచారంలోకి తెచ్చిన ‘రెట్రోబ్రైట్’ పద్ధతి త్వరలోనే బొమ్మలకూ నమూనాలకూ పాకింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ప్లాస్టిక్‌కు తాకేలా ఉంచి, ఎండలో గానీ అతినీలలోహిత దీపం కింద గానీ పెడితే, పసుపు రంగునిచ్చే ద్విబంధాల వరుస తెగి రంగు విరుగుతుంది. పెరాక్సైడ్ సీసాల మీద రాసే ‘వాల్యూమ్’ అన్న కొలత, ఒక లీటరు ద్రావణం విడుదల చేయగల ఆక్సిజన్ లీటర్లను తెలుపుతుంది. 10 వాల్యూమ్ అంటే సుమారు 3 శాతం, జుట్టుకు రంగు వేసేచోట దొరికే 40 వాల్యూమ్ క్రీమ్ అంటే సుమారు 12 శాతం. క్రీమ్ రాసి పలుచని ప్లాస్టిక్ పొర చుట్టడం సులువే గానీ, పొర కింద గాలి బుడగలున్న చోట, క్రీమ్ ఎండిన చోట తెల్లని చారలు మిగిలిపోతాయి. ఆ చారలు పసుపు కన్నా అసహ్యంగా ఉంటాయి, వాటిని పోగొట్టడం ఇంకా కష్టం. పలుచని ద్రావణంలో భాగాన్ని పూర్తిగా ముంచి, అప్పుడప్పుడు తిప్పుతూ, ఎక్కువ గంటలు ఉంచడమే మేలు.

ముందుగా మోటారు, విద్యుత్ పరికరాలు, ఇత్తడి రెయిలింగులు, ఇనుప మేకులు, అంటించిన గుర్తులు అన్నీ తీసివేయాలి. లోహాలు పెరాక్సైడ్‌ను వేగంగా విచ్ఛిన్నం చేస్తాయి, తామూ దెబ్బతింటాయి. చర్య జరిగేటప్పుడు ఆక్సిజన్ వెలువడుతుంది కనుక పాత్రను బిగించి మూయకూడదు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. పెరాక్సైడ్‌లో అసిటోన్ కలిస్తే పేలుడు స్వభావం గల పదార్థాలు పుడతాయి, వెనిగర్ కలిస్తే తినివేసే ఆమ్లం తయారవుతుంది; కాబట్టి ‘బలం పెంచడానికి’ ఇంట్లో ఉన్నదేదో కలిపే ప్రయోగం ఎన్నడూ తగదు. ఎండ కూడా మితంగానే ఉండాలి. పాలీస్టైరీన్ 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. తెలుగునాట రోహిణి కార్తె ఎండలో మూతవేసిన పెట్టెలోపల వేడి అంత పెరగకపోయినా, లోపలి బిగువు మిగిలి ఉన్న సన్నని తెరస్తంభాలు, పలుచని తెరచాపలు అంతకు చాలా ముందే వంగిపోతాయి.

ఫలితం శాశ్వతం కాదు. విరిగిన రంగు కొన్ని నెలలకో కొన్నేళ్లకో మళ్లీ రావచ్చు. పదేపదే చేస్తే పై పొర మరింత పెళుసవుతుంది. అరుదైన వస్తువుల విషయంలో మ్యూజియం సంరక్షకులు సాధారణంగా ఈ పద్ధతికి వెనకాడటానికి కారణం ఇదే. వస్తువు పాతదనాన్ని దాని చరిత్రలో భాగంగా చూడటం వారి దృక్పథం. ఆడుకోవడానికో, చెరువులో నడపడానికో ఉన్న పడవకు ఆ నియమం వర్తించనక్కరలేదు.

రాపిడి, రంగు, పారదర్శక భాగాలు

నునుపైన హల్‌కు రసాయనం కన్నా రాపిడే నమ్మకమైన మార్గం. మార్పు పై పొరలోనే ఉంది కనుక, 600 నంబరు నీటి కాగితంతో మొదలుపెట్టి 2000 వరకు తడిపి రుద్దితే అసలు రంగు బయటపడుతుంది. అయితే రివెట్లు, పలకల గీతలు ఉన్నచోట అవి కూడా అరిగిపోతాయి. గాజునార హల్‌ల పై పూత కూడా పాలిష్ పేస్టుతో తేరుకుంటుంది. రంగు వేయడానికి అభ్యంతరం లేని నమూనాకు ప్రైమర్, ఆపై తెల్లని అక్రిలిక్ పూత వేయడం అన్నిటికన్నా మన్నికైన పరిష్కారం, ఎందుకంటే అది పసుపును దాచడమే కాక వెలుతురును ప్లాస్టిక్ దాకా రానివ్వదు. పారదర్శక కిటికీలను మాత్రం అల్కహాల్‌తో తుడవకూడదు. అవి బీటలు తీసే ప్రమాదం ఉంది. వాడని అంటింపు గుర్తుల కాగితం పసుపుబారితే, దాన్ని సంచిలో మూసి కిటికీ అద్దానికి కొన్ని రోజులు తగిలించి ఉంచడం పాత చిట్కా. కాంతి ఆ పలుచని లక్క పొరను విరుస్తుంది.

సంరక్షణ

అతినీలలోహిత శోషకాలు కలిపిన అక్రిలిక్ పారదర్శక పూత కిరణాలను తాను పీల్చుకుని ప్లాస్టిక్‌ను కాపాడుతుంది. ఆ శోషకాలు క్రమంగా ఖర్చవుతాయి కాబట్టి పూతను ఎప్పటికప్పుడు పునరుద్ధరించాలి. ఘాటైన ద్రావకాలున్న పూత పాలీస్టైరీన్‌ను కరిగించవచ్చు. కిట్‌లో మిగిలిన చట్రపు ముక్క మీద ముందు పరీక్షించి, పలుచని తడులుగా కొట్టాలి. సిలికాన్ పాలిష్‌లు మెరుపునిస్తాయి, కానీ తర్వాత రంగు పట్టనివ్వవు. మ్యూజియంలు వెలుతురుకు త్వరగా దెబ్బతినే వస్తువులకు 50 లక్స్ కాంతినీ, అతినీలలోహితానికి ల్యూమెన్‌కు 75 మైక్రోవాట్ల గరిష్ఠ పరిమితినీ పాటిస్తూ వచ్చాయి. ఇంట్లో అంత కచ్చితత్వం సాధ్యం కాకపోయినా, ఎండ పడే గోడను వదలడం, అతినీలలోహితం దాదాపు లేని ఎల్ఈడీ దీపాలు వాడటం, అటక మీదో కారులోనో నమూనాను ఉంచకపోవడం చాలా మేలు చేస్తాయి. మెత్తని పీవీసీ సంచులను, తొడుగులను పాలీస్టైరీన్‌కు తాకనివ్వకూడదు. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనె వంటి పదార్థం పాలీస్టైరీన్‌లోకి ఇంకి దాన్ని కరిగిస్తుంది. పాలీఇథిలీన్ సంచి, ఆమ్లం లేని కాగితం ఈ పనికి సరిపోతాయి.