దైమాబాద్ కంచు బొమ్మలు: ఏ కాలానివి?

గోదావరి ఉపనది అయిన ప్రవర ఎడమ గట్టున, మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్) జిల్లాలో దైమాబాద్ అనే పాటిదిబ్బ ఉంది. 1974లో ఒక రైతు అక్కడ మోడును పెకలించడానికి దాని మొదలు దగ్గర తవ్వుతుండగా రథం, ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు అనే నాలుగు లోహపు బొమ్మలు బయటపడ్డాయి. లోపల గుల్ల లేకుండా పోసిన ఈ బొమ్మలన్నీ కలిపి 60 కిలోలకు పైగా తూగుతాయి.

వీటిలో రథం అపురూపమైనది. సుమారు 45 సెంటీమీటర్ల పొడవున్న ఆ రథంలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతని ముందు నుంచి కాడికి కట్టిన రెండు ఎద్దుల దాకా పొడవాటి నొగ సాగుతుంది. ఆ నొగ మీద ఒక కుక్క నిలుచుని ఉంటుంది. ఊరేగింపు కోసం చేశారో, పూజ కోసం చేశారో గాని, ఆ కుక్కను అక్కడ నిలిపిన శిల్పి బండి తోలేవారి బతుకును దగ్గరగా ఎరిగినవాడే అయి ఉండాలి.

ఈ బొమ్మల కాలం గురించే వాదమంతా. దిబ్బను తవ్విన ఎస్.ఆర్. రావు, ఎస్.ఎ. సాలి వంటి పురాతత్వవేత్తలు వీటిని మలి హరప్పా దశకు, అంటే సింధు నాగరికత క్షీణిస్తున్న కాలానికి చెందినవన్నారు. సింధు లిపి ఉన్న మట్టి ముద్రలు అదే దిబ్బలో దొరకడం ఈ వాదానికి బలం. అయితే లోహాన్ని పరీక్షించిన డి.పి. అగర్వాల్ అందులో ఒక శాతానికి మించి ఆర్సెనిక్ ఉందనీ, రాతి పనిముట్లతో పాటు రాగిని వాడిన తామ్రశిలాయుగపు ఇతర వస్తువుల్లో అటువంటి మిశ్రమం కనబడదనీ చెప్పి, ఇవి చాలా తర్వాతి కాలానివి కావచ్చునన్నారు. కాని సింధు నగరాల రాగి వస్తువుల్లోనూ కొన్నింటిలో ఆర్సెనిక్ ఉంది గనుక, ఆ ఒక్క ఆధారంతో మలి హరప్పా వాదాన్ని కొట్టివేయడం సబబు కాదు.

అసలు లోపం లోహంలో లేదు. భూమిలో కింది పొర ముందటిది, పై పొర తర్వాతిది అనే స్తరక్రమమే పురాతత్వానికి కాలమానం. ఈ బొమ్మలు శాస్త్రీయమైన తవ్వకంలో కాక మోడు పెకలించిన గుంతలో దొరకడంతో, వాటి చుట్టూ ఉన్న మట్టి, పెంకులు, బొగ్గు చెప్పవలసిన సాక్ష్యం చెదిరిపోయింది. అందువల్ల పొలంలో పాత వస్తువు ఏది కనబడినా దాన్ని కదిలించకుండా అధికారులకు కబురు చేయాలి; పది రూపాయలకు మించి విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం కూడా చెబుతోంది.