కొడైకానల్ కొండ: ఎక్కినవారు, ఎక్కించినవారు

"దొరగారు వేసవికి కొండమీదికి వెళ్లినారు" అని మన సంఘములలోని వృద్ధులు చెప్పుకొనిన మాట మీరు వినియుందురు. ఎండలు ముదిరినప్పుడు మిషను బంగళా తలుపులు మూసి, దొరగారును దొరసానిగారును పిల్లలతో కూడ రైలెక్కి పోయెడివారు. తొలకరి వానలు పడిన తరువాత తిరిగి వచ్చెడివారు. తెలుగు దేశమునుండి అట్లు వెళ్లినవారిలో అనేకులు చేరిన ఊరు కొడైకానల్. అది తమిళనాడులో పళని కొండలమీద, సముద్రమట్టమునకు సుమారు 7,000 అడుగుల ఎత్తున, ఒక చెరువు చుట్టు పెరిగిన చిన్న పట్టణము. దానిని కట్టినవారు రాజులు కారు, వర్తకులు కారు. జ్వరమునకు భయపడి కొండయెక్కిన మిషనెరీలే దానికి పునాది వేసిరి. కాబట్టి దాని చరిత్రలో కొంత పాలు మనదియు నున్నది.

అయితే వారికంటె ముందు ఆ కొండమీద మనుష్యులు లేకపోలేదు. అడవులలో పళియరులు, ఊళ్లలో సేద్యము చేసికొను రైతులు తరతరములుగా నివసించుచుండిరి. 1821వ సంవత్సరమున వార్డు అను ఆంగ్లేయ సైనికోద్యోగి కొలతలు వేయుటకై వెళ్లగవి అను గ్రామమునుండి పైకెక్కి, ఆ ప్రదేశము చల్లనిదియు ఆరోగ్యకరమైనదియునని తెలియజేసెను. వెళ్లగవి అను ఈ పేరు జ్ఞాపకముంచుకొనుడి. మరల చెప్పవలసి యున్నది.

1834లో అమెరికా మిషనెరీలు మధురలో పని ఆరంభించిరి. కొన్ని సంవత్సరములలోనే కలరా, జ్వరములు వారిలో అనేకులను, వారి పసిబిడ్డలను సమాధులకు చేర్చెను. బ్రతికినవారు చల్లని చోటు వెదకుచు మొదట దిండిగల్ దగ్గరనున్న శిరుమలై కొండకు పోయిరి. అది అంత ఎత్తైనది కాదు గనుక జ్వరము అక్కడికిని వెంబడించెను. అప్పుడు కొడైకానలుకు ఎక్కి, 1845లో రెండు బంగళాలు కట్టుకొనిరి. పట్టణమునకు అదియే ఆరంభము.

ఎత్తునకు పోయిన జ్వరమెందుకు తగ్గునో ఆనాడు వారికి తెలియదు. పల్లపు నేలల చెడుగాలి వలననే జ్వరము వచ్చునని అందరును తలంచిరి. దోమలే దానిని మోయుచున్నవను సంగతిని 1897లో రొనాల్డు రాసు అను వైద్యుడు కనుగొనెను. ఎక్కడ అనుకొనుచున్నారు? మన సికింద్రాబాదులోనే! జ్వరము మోయు దోమలు చలిలో వృద్ధిపొందలేవు. కారణము తెలియకనే మందు దొరికినదన్నమాట.

ఇక చెరువు సంగతి. అది దేవుడు సహజముగా నిలిపిన సరస్సని చూడవచ్చినవారు అనుకొందురు. కాదు. వాగులు పారు బురదనేలకు 1863లో లెవింజ్ అను మధుర కలెక్టరు అడ్డుకట్ట వేయించి నీరు నిలిపెను. అందుకు తన సొంత డబ్బు వెచ్చించెననియు, తూత్తుకుడినుండి మొదటి పడవ తెప్పించెననియు చెప్పుదురు. ఆయన జ్ఞాపకార్థము నిలిపిన సిలువ ఆ ఊరిలో నున్నది.

ఆ పడవ కొండపైకి ఎట్లు వచ్చెను? ఆలోచించుడి. 1875లో రైలు మైదానమున కొడైకానల్ రోడ్డు అను స్టేషనువరకు వచ్చినది గాని, అక్కడనుండి కొండ యడుగునకు ముప్పది మైళ్లకు పైగా ఎడ్లబండి ప్రయాణము. ఆ తరువాత బండియు పోదు. పది పన్నెండు మైళ్ల కాలిబాట, అంతయు ఎక్కుడు. బలముగలవారు నడిచిరి, కొందరు గుఱ్ఱమెక్కిరి. రోగులు, దొరసానులు, పిల్లలు కుర్చీలలోను డోలీలలోను కూలీల భుజములమీద ఎక్కిరి. పెట్టెలు, మంచములు, పుస్తకములు, వంటసామాను అన్నియు మనుష్యుల నెత్తిమీదనే ఎక్కెను. ఆ బాటకు కూలీ ఘాటు అనియే పేరు. మన వైపున బోయీలు ఎట్టివారో వారును అట్టివారే. దిగువ వేడికి చెమటపట్టిన దేహముతో బయలుదేరి, పైన చలిలో పలుచని గుడ్డతో నిలువవలెను.

కపెర్నహూములో పక్షవాయువుగలవానిని మోసికొనివచ్చిన నలుగురి పేర్లు మార్కు వ్రాయలేదు. అయినను ప్రభువు వారి విశ్వాసమును చూచెను. కొడైకానల్ బంగళాలకు పేర్లున్నవి, గుట్టలకు పేర్లున్నవి. ఒక గుట్టకైతే మోషే వాగ్దానదేశమును చూచిన నేబో పేరే పెట్టిరి. మోసినవారి పేరు ఒక్కటియు నాకు ఏ గ్రంథములోను కనబడలేదు. మిషనెరీలను నిందించుటకు ఈ మాట వ్రాయుటలేదు. బిడ్డలను పూడ్చిపెట్టిన తల్లి మిగిలిన బిడ్డను కొండకు చేర్చుకొనుట తప్పని ఎవరందురు? వారు బ్రతికి దిగివచ్చినందుననే మన తాతలు వాక్యము వినగలిగిరి. అయితే ఆ ఋణము లెక్కవేయునప్పుడు మోసిన భుజములనుకూడ లెక్కింపవలెను.

1901లో మిషనెరీల పిల్లలకొరకు చెరువు సమీపముననే ఒక పాఠశాల తెరవబడెను. దానికి మొదటి ప్రధానురాలు మార్గరెట్ ఎడ్డీ అమ్మగారు. ఆమె కుమారుడైన షెర్వుడ్ ఎడ్డీ, అజరయ్యగారికి ప్రాణస్నేహితుడు. ఆ అజరయ్యగారే 1912లో దోర్నకల్లుకు బిషప్పైరి. అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో ఆయన లేచి, మిషనెరీలు మాకొరకు ఎంతో త్యాగము చేసిరి గాని, మాకు స్నేహితులు కావలెనని అడిగెను. ఒక దొరకుమారుని స్నేహమును చవిచూచినవాడు గనుకనే, అది లేనిచోట్ల ఏమి కొరవడెనో ఆయన చెప్పగలిగెనని నా తలంపు.

1916 నాటికి ఘాటురోడ్డుమీద మోటారులు ఎక్కసాగెను. డోలీలు మూలబడెను. పాఠశాలలోనికి కాలక్రమమున మన దేశపు పిల్లలును వచ్చిరి. వేసవిలో ఇప్పుడు ఆ చెరువుమీద పడవలెక్కువారిలో మన తెలుగువారును కొల్లలు.

వార్డు దొర ఎక్కివచ్చిన వెళ్లగవికి మాత్రము రెండువందల సంవత్సరములకు దాపుగా మోటారు బాట లేకయే యుండెను. అక్కడ ఎవరికైనను జబ్బుచేసినయెడల, బంధువులు దుప్పటిని కఱ్ఱకు కట్టి, డోలీచేసి, అడవిబాటను భుజములమీద మోసికొని కొడైకానల్ వైద్యశాలకు ఎక్కుచుండిరి.