ఇందూరు మైదానం నుండి ఇస్తాంబుల్ దాకా

నా చిన్నతనాన కరీంనగరంలో మా వాడకట్టున నాలుగిళ్ళకొక మనిషి 'దుబాయి'లో ఉండేవాడు. మస్కటుకు పోయినా, రియాదుకు పోయినా మావాళ్ళ నోట అది దుబాయే. మా బాపు కూడా అలా పోయినవాడే. రెండేళ్ళకోసారి పెట్టెలతో దిగి, నెల తిరగక మునుపే మళ్ళీ విమానమెక్కేవాడు. బడిలో పరుగుపందెం గెలిచి నేను తెచ్చుకున్న స్టీలు గిన్నెను ఆయన చూసేనాటికి దానికి సొట్టలు పడ్డాయి. పొరుగున ఉన్న నిజామాబాదులోనూ, గోదావరి దాటితే ఆదిలాబాదులోనూ ఎన్నో ఇళ్ళ కథ ఇదే. ఉత్తర తెలంగాణ ఆధునిక చరిత్రలో సగం, వెళ్ళిపోయిన తండ్రుల చరిత్ర అంటే అతిశయోక్తి కాదేమో. నేను ఇక్కడ చెప్పదలచినది మాత్రం తిరిగివచ్చిన ఒక తండ్రి గురించీ, ఆయన కూతురి గురించీ.

నిజామాబాదుకు పాతపేరు ఇందూరు. పెద్దవాళ్ళ నోట ఆ పేరు ఇంకా బతికే ఉంది. ఆ ఊళ్ళో 1996 జూన్ 14న నిఖత్ జరీన్ జన్మించింది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్, తల్లి పర్వీన్ సుల్తానా. నలుగురు ఆడపిల్లలలో ఈమె మూడవది. జమీల్ గారు స్వయంగా ఆటగాడు. ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవాడు. బతుకుతెరువు కోసం సౌదీ అరేబియాలో ఏళ్ళ తరబడి అమ్మకాల ఉద్యోగం చేశాడు. పిల్లల చదువులకూ ఆటలకూ తాను దగ్గరుండాలని తలచి, ఆ కొలువు వదలి ఇందూరుకు వచ్చేశాడు. గల్ఫు జీతం మీద బతికిన ఇళ్ళవారికే ఈ మాట బరువు తెలుస్తుంది.

నిఖత్ మొదట పరుగుపందేల పిల్ల. తండ్రే దగ్గరుండి పరుగెత్తించేవాడు. కలెక్టరేట్ మైదానంలో ఆటల పోటీలు జరుగుతున్న రోజున, అన్ని ఆటలలోనూ ఆడపిల్లలు కనబడి, ఒక్క బాక్సింగులో మాత్రం కనబడకపోవడం ఆ బాలిక గమనించింది. ఎందుకని తండ్రిని అడిగింది. ఆడపిల్లలకు అంత బలం ఉండదని లోకం అనుకుంటుందని ఆయన చెప్పిన సమాధానం ఆమెకు నచ్చలేదు. 13 ఏళ్ళ వయసులో చేతికి గ్లవ్స్ తొడిగింది. శిక్షకుడు సంసముద్దీన్. సాధన మగపిల్లలతోనే, ఎందుకంటే అక్కడ వేరే ఆడపిల్లలు లేరు. దెబ్బలు తిని, కమిలిన కంటితో ఇంటికి వచ్చిన కూతురిని చూసి తల్లి కలవరపడింది. ఈ మొహంతో పెళ్ళెలా అవుతుందన్నది ఆ తల్లి బెంగ. ఆడపిల్ల పొట్టి నిక్కరు వేసుకుని ఆడటమేమిటని చుట్టుపక్కల వారు ఆడిపోసుకున్నారు. తండ్రి ఆ మాటలను ఇంటి గడప దాటనివ్వలేదు.

ఆ తరువాత విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు గారి వద్ద శిక్షణ. 2011లో టర్కీలోని అంటాల్యాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో స్వర్ణం. అప్పటికామెకు పదిహేనేళ్ళు నిండలేదు. మహిళల బాక్సింగ్ ఒలింపిక్స్‌లో అడుగుపెట్టినది ఆ మరుసటి ఏట, 2012 లండన్‌లో. అంటే ఈ పిల్ల గ్లవ్స్ తొడిగిన తొలినాళ్ళలో, ఈ ఆటకు ఒలింపిక్ పతకమన్నదే లేదన్నమాట. తరువాత బల్గేరియాలో యూత్ ప్రపంచ పోటీలలో రజతం గెలిచింది.

విజేతల కథలు చెప్పేటప్పుడు మనం సాధారణంగా ఇక్కడినుండి ఒక్క గంతున శిఖరం మీదికి దూకేస్తాము. బాస్కెట్‌బాల్ మహావీరుడు మైకేల్ జోర్డాన్ బడిరోజులలో పెద్ద జట్టుకు ఎంపిక కాలేదన్న ముచ్చటను లోకమంతా చెప్పుకుంటుంది గాని, ఆ నిరాశకూ కీర్తికీ నడుమ గడిచిన సాధనను ఎవరూ చెప్పరు. నిఖత్ కథలో ఆ నడిమి కాలం చాలా పొడుగు. 2017లో అంతర విశ్వవిద్యాలయ పోటీలలో భుజం దెబ్బతిని, ఇంచుమించు ఏడాది ఆటకు దూరమయింది. కోలుకుని, 2019 ఆరంభంలో సోఫియాలో స్ట్రాంజా పోటీల స్వర్ణం గెలిచింది.

ఆ ఏడాదే ఆమె జీవితంలో అతి కఠినమైన ఘట్టం. ఆమె బరువు విభాగంలోనే మేరీ కోమ్ ఉంది. ఆరుసార్లు ప్రపంచ విజేత, దేశానికంతటికీ ఆరాధ్య. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఎంపిక పోటీ జరపాలని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగ లేఖ రాసింది. ఆమె అడిగింది స్థానం కాదు, ఆ స్థానం కోసం తలపడే అవకాశం. 23 ఏళ్ళ అమ్మాయి తన ఆరాధ్య క్రీడాకారిణి ఎదుట ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! 2019 డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ జరిగింది. నిఖత్ 1-9 తేడాతో ఓడిపోయింది. చాలామంది నవ్వారు. నాకు మాత్రం ఆమె చరిత్రలో అన్నిటికంటె విలువైన రోజు అదేననిపిస్తుంది. ఓడిపోయినంత మాత్రాన న్యాయం అడగడం తప్పయిపోదు కదా!

2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగం ఫైనల్లో థాయిలాండుకు చెందిన జిట్పాంగ్ జుటామాస్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ విజేత అయింది. మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖల తరువాత ఈ బిరుదు పొందిన అయిదవ భారతీయ మహిళ ఆమె. అదే ఏడాది 50 కిలోలకు దిగి బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, ఆపై అర్జున పురస్కారం. 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాంకు చెందిన గుయెన్ థి టామ్‌ను ఓడించి రెండవ ప్రపంచ బిరుదు. ఒకటికి మించి ప్రపంచ బిరుదులు గెలిచిన భారతీయ మహిళలలో మేరీ కోమ్ తరువాతి పేరు ఈమెదే.

ఒలింపిక్ పతకం మాత్రం చిక్కలేదు. 2024 పారిస్‌లో రెండవ పోటీలోనే చైనాకు చెందిన వూ యూ ఎదురయింది. 5-0తో గెలిచిన ఆ వూ యూయే చివరకు స్వర్ణమూ గెలుచుకుంది. ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆమె ఆట మానలేదు. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో మరో స్వర్ణం గెలిచింది.

మొన్న పనిమీద ఇందూరు వెళ్ళినప్పుడు కలెక్టరేట్ మైదానం వెదుక్కుంటూ పోయి కాసేపు నిలబడ్డాను. ఒక పిల్ల పరుగెత్తుతోంది. గట్టుమీద ఒకాయన చేతిగడియారం చూస్తూ కేకలేస్తున్నాడు. తండ్రే అయివుంటాడు. మా బాపు మీద నాకే కోపమూ లేదు. ఆయన అక్కడ ఉండబట్టే మేమిక్కడ చదువుకున్నాము. అయినా ఆ గట్టుమీది మనిషిని చూస్తూ, నా సొట్టల గిన్నెను తలచుకుంటూ, బస్సు వేళ దాటేదాకా అక్కడే ఉండిపోయాను.