రూల్ ఇంజను ఎంపిక: హ్యూస్టన్ చెప్పే కథ

మీ కాలేజీలో స్కాలర్‌షిప్పు దరఖాస్తులను పరిశీలించే గుమాస్తాను ఎప్పుడైనా గమనించారా? కుటుంబ ఆదాయం ఇంతకు మించకపోతే, హాజరు ఇంత శాతం ఉంటే మంజూరు చేయవచ్చు - ఆయన పనంతా ఇలాంటి నియమాల మీదే నడుస్తుంది. ఆదాయ పరిమితి మారితే కొత్త జీవో వస్తుంది. నియమం మారుతుంది, గుమాస్తా మారడు. కంప్యూటరులో కూడా నియమాలను ఒకచోట రాసి ఉంచి, వాటిని అమలు జరిపే గుమాస్తాను వేరుగా ఉంచవచ్చు. ఆ గుమాస్తా పేరే రూల్ ఇంజను.

ఇందులో మొదట ఎదురైన చిక్కు వేగం. వెయ్యి నియమాలు, వెయ్యి వాస్తవాలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క అడుగులో ప్రతి నియమాన్నీ ప్రతి వాస్తవంతో పోల్చి చూస్తూ కూర్చుంటే ఎంత పెద్ద కంప్యూటరైనా చతికిలపడుతుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో (అప్పటి చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్‌రెడ్డి గారు 1969లో ఆచార్యులుగా చేరినది ఇక్కడే) చార్లెస్ ఫోర్జీ అనే పరిశోధకుడు 1970లలో ఒక చిన్న విషయం గమనించాడు. ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య మారే వాస్తవాలు కొన్నే! మిగతావాటి పోలికలను గుర్తుపెట్టుకొని, మారినవాటిని మాత్రమే మళ్ళీ పరీక్షిస్తే చాలదా? ఈ పద్ధతికి ఆయన 'రేటే' అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు వల అని అర్థం. దీనివల్ల కాలం ఆదా అవుతుంది, బదులుగా మెమరీ ఎక్కువ ఖర్చవుతుంది.

ఇక హ్యూస్టన్‌కు వద్దాం. అక్కడి నాసా వారి జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో కృత్రిమ మేధ విభాగం 1984 నాటికి డజనుకు పైగా నిపుణ వ్యవస్థల నమూనాలను తయారు చేసింది. నమూనాలు బాగానే పనిచేశాయి. కానీ నిత్య వాడుకలోకి వచ్చినవి బహు కొద్ది. ఎందుకని? అవి లిస్ప్ భాష మీద ఆధారపడినవి. సాధారణ కంప్యూటర్లలో ఆ భాష అంతగా దొరికేది కాదు. దానికి కావలసిన యంత్రాలు, సాధనాలు ఖరీదైనవి. ఇతర భాషల్లోని ప్రోగ్రాములతో అది సరిగా కలిసేది కాదు. అంటే లోపం ఇంజను తెలివిలో లేదు, అది కాపురముండే ఇంట్లో ఉంది!

సీ భాషలో నడిచే సాధనం కోసం నాసా వారు అమ్మకందార్ల వైపు చూశారు. 1985 తొలి నెలలకు కూడా తగినది అందలేదు. చివరికి తామే పూనుకొని, ఆ వసంతంలో సుమారు రెండు నెలల్లో తొలి నమూనా రాసేశారు. అదే 'క్లిప్స్'. దాని లోపల పనిచేసేది ఫోర్జీ వలే. 1986లో అది నాసా బయటివారికీ అందింది. ఆ తరువాత 1995లో శాండియా ప్రయోగశాలలో జావా ప్రోగ్రాముల కోసం 'జెస్' పుట్టింది. 2001లో 'డ్రూల్స్' మొదలైంది. ఇంటిని బట్టి ఇంజను!

అయితే ఇల్లు కుదిరినంత మాత్రాన సమస్య తీరదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1980 నుంచి 'ఎక్స్‌కాన్' అనే వ్యవస్థను వాడింది. కొనుగోలుదారు కోరిన వ్యాక్స్ కంప్యూటరుకు ఏ భాగాలు కావాలో, అవి ఎలా అమరాలో అది తేల్చేది. 1987 నాటికి అందులో 6,200 నియమాలు పోగయ్యాయి. వాటిలో దాదాపు సగం ఏటా మారేవి! కొత్త నియమం చేర్చడం సులభమే. అది పాత ఆరు వేలలో దేనితో తగువు పడుతుందో కనిపెట్టడమే కష్టం. కాబట్టి ఇంజనును ఎంచుకొనేటప్పుడు ఎంత వేగం అని అడగటానికి ముందు, ఈ నియమాలను రేపు దిద్దేదెవరు అని అడగండి.

మరో మాట. అడుగడుగునా వాస్తవాలన్నీ మారిపోయే పనిలో ఫోర్జీ వల దాచుకున్న పోలికలు వృథా. నియమాలు పదో పన్నెండో అయి, అవీ మారనివైతే, అసలు ఇంజనే అక్కరలేదు. మామూలు ప్రోగ్రాము చాలు. తేడా స్వయంగా చూడాలంటే, ఉచితంగా దొరికే క్లిప్స్‌లో మన గుమాస్తాగారి నియమాలను రాసి, ఆదాయ పరిమితిని ఒకసారి మార్చి చూడండి.