జంధ్యం, గాజులు, దేవుని పోలిక

రాయ్‌పూర్ ఉత్తరపు కొసన, ఉర్లా ఫ్యాక్టరీల పొగ కింద బీర్‌గావ్ ఉంటుంది. ఇనుముతోనూ షిఫ్టు సైరన్లతోనూ పెరిగిన ఊరు. అక్కడ బిలాస్‌పూర్ రోడ్డెక్కి సిల్తరా దాటి పోతుంటే ఊళ్ళలో సున్నం కొట్టిన తెల్లటి స్తంభాలు కనిపిస్తాయి. కొసన చిన్న తెల్లజెండా. కొత్తగా వచ్చిన తెలుగువాడు ధ్వజస్తంభం అనుకుని గుడి కోసం వెతుకుతాడు. గుడి ఉండదు, విగ్రహమూ ఉండదు. అది జైత్‌ఖాం, సత్నామీల గుర్తు. వాళ్ళ గురువు ఘాసీదాస్ పుట్టిన గిరోద్‌పురిలో ఈమధ్య కట్టిన జైత్‌ఖాం ఎత్తు 77 మీటర్లు. కుతుబ్‌మినార్ కన్నా ఎత్తని ఛత్తీస్‌గఢ్ వాళ్ళు చెప్పకుండా వదిలిపెట్టరు.

ఈ తెల్లజెండాల నేల మీదే నూటయాభై ఏళ్ళకు ముందు ఒక జర్మన్ పాదిరి వచ్చి, మనిషి ఎవరి పోలిక అన్న పాత ప్రశ్నను మళ్ళీ లేవదీశాడు.

పోలిక అన్నది తెలుగింట్లో పురిటిమంచం దగ్గర వినిపించే మాట. బిడ్డను చూడవచ్చినవాళ్ళు తండ్రి పోలికా, మేనమామ పోలికా అని వాదించుకుంటారు. తెలుగు బైబిల్లో సృష్టి కథ కూడా ఈ మాటనే ఎంచుకుంది. మనిషిని దేవుడు తన స్వరూపంలో, తన పోలికన చేశాడంటుంది. స్వరూపం, పోలిక ఒకటేనా, రెండా? రెండో శతాబ్దంలో లయన్స్ నగరపు బిషప్ ఇరేనియస్ రెండని చెప్పాడు. స్వరూపం పుట్టుకతో వచ్చింది, పోలిక పెరుగుతూ రావాలి; ఆదాము తప్పటడుగులు వేసే పసివాడి లాంటివాడు. తూర్పు సంఘాలు ఆ దారినే నడిచి, మనిషి దైవత్వంలో పాలు పంచుకోవడమే రక్షణ అన్నాయి. పడమట అగస్టీన్ మాట నెగ్గింది. ఆదాము పాపంతో మనిషి స్వభావమే వంకర తిరిగింది, కృప లేనిదే అది నిటారు కాదు. లూథర్, కాల్విన్ దాన్ని ఇంకా బిగించారు. ఛత్తీస్‌గఢ్‌కు వచ్చిన పాదిరి ఆ లూథర్, కాల్విన్ పాయలు రెండూ కలిసిన జర్మన్ సంఘం మనిషి. అందువల్ల అతని సంచిలో స్వరూపం గురించి కొద్దిగానూ వంకర గురించి చాలానూ ఉంది.

పేరు ఆస్కర్ లోర్. మొదట గోస్నర్ మిషన్ తరఫున ఛోటానాగ్‌పూర్‌లో కోల్ జనాల మధ్య పనిచేశాడు. 1857 తిరుగుబాటు అక్కణ్ణించి కదిలించింది. అమెరికా చేరి, అక్కడి జర్మన్ వలసదారుల సంఘాల్లో పాదిరిగా ఉన్నాడు. ఆ సంఘాలవాళ్ళు పెట్టుకున్న మిషన్ సొసైటీ 1868లో అతన్ని తిరిగి ఇండియాకు పంపింది. రాయ్‌పూర్‌కు అప్పటికి రైలు లేదు. చేరాక కమిషనర్ కల్నల్ బాల్మెయిన్ అతనికి సత్నామీల సంగతి చెప్పాడు. విగ్రహాలు వద్దన్నవాళ్ళు, ఒక్కణ్ణే నమ్మేవాళ్ళు, ఆ ఒక్కడి పేరు ‘సత్యనామం’. లోర్‌కు ఇంకేం కావాలి? దున్ని పెట్టిన పొలం దొరికిందనుకున్నాడు.

పొలం దున్నినవాడు ఘాసీదాస్. 1756లో పుట్టి 1850లో పోయాడు. చమార్ కులంలో, ఇంకొకరి పొలంలో కష్టం చేసుకునే ఇంట పుట్టినవాడు. గిరోద్‌పురి అడవిలో చెట్టు కింద తపస్సు చేసి వచ్చి తనవాళ్ళతో చెప్పిన మాటల్లో ముఖ్యమైనది, మనుషులంతా ఒక్కటేనన్నది. విగ్రహాలను పారెయ్యమన్నాడు. మాంసం, కల్లు, పొగాకు మానమన్నాడు. ఆవును నాగలికి కట్టవద్దన్నాడు. చచ్చిన పశువుతో ముడిపెట్టి ఊరు ఎవరిని దూరం పెట్టిందో, వాళ్ళు ఆ ముడిని తామే తెంపుకున్నారు. కొడుకు బాలక్‌దాస్ ఇంకో అడుగు వేశాడు. సత్నామీల మెడలో జంధ్యం వేశాడు. ఏనుగెక్కి ఊరేగాడు. 1860 ప్రాంతంలో అతన్ని చంపేశారు. జంధ్యం ఎంత పెద్ద మాటో ఆ హత్యే చెబుతుంది.

లోర్ భండార్ వెళ్ళి గురుపీఠాన్ని చూశాడు. సత్నామీలు అతన్ని ఆదరంగా కూర్చోబెట్టారు. మీరు వెతికే సత్యనామం యేసేనని చెప్పాడు. విన్నారు. ఇంతవరకు బాగానే నడిచింది. బలోదాబజార్ వైపు పదిహేను వందల ఎకరాలకు పైగా బీడు కొని ఊరు కట్టి, బిస్రాంపూర్ అని పేరు పెట్టాడు. విశ్రామం దొరికే చోటని దాని అర్థం. 1870లో బాప్తిస్మాలు మొదలయ్యాయి. చిక్కు అక్కడే వచ్చింది. బాప్తిస్మం కావాలంటే జంధ్యం తియ్యాలన్నాడు లోర్.

పాదిరి కంటికి అది బ్రాహ్మణ గుర్తు, విగ్రహారాధన తోక. సత్నామీకి అది వాళ్ళ గురువు ప్రాణం పెట్టి తెచ్చిచ్చిన మానవత్వం. మేమూ మనుషులమేనని మెడలో వేసుకున్న సాక్ష్యం. దేవుని స్వరూపం ఉందని చెప్పడానికి వచ్చినవాడు, ఆ సంగతి దారపు పోగుతో ముందే చెప్పుకుంటున్నవాళ్ళ దారం తెంపమన్నాడు. అంతకు ముందు గుంపులుగా వచ్చినవాళ్ళు వెనక్కి తగ్గారు. మొదటి ఏళ్ళలో బిస్రాంపూర్ సంఘం చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతే.

ఉన్నవాళ్ళకు పాదిరి గురువే కాదు, భూస్వామి కూడా. మిషన్ మాల్‌గుజారు. సాగుకు భూమి అతను ఇవ్వాలి, అప్పు అతను ఇవ్వాలి, బడి అతనిది, దవాఖానా అతనిది, తగవు తీర్చేదీ అతనే. దేవుని పోలికలోకి ఎదగడమన్న పెద్ద మాట ఇలాంటి చోట చిన్న చిన్న ఆజ్ఞలుగా విడిపోతుంది. 1890లో అవి పుస్తకంగానూ వచ్చాయి. దాని పేరు ‘బిస్రాంపూర్ కలీసియా కీ విశేష్ ఆజ్ఞాయే’. సంఘం అనడానికి వాడిన కలీసియా గ్రీకులో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. ఛత్తీస్‌గఢీ పల్లెలో కాపురం పెట్టింది. ఎవరిని పెళ్ళాడాలి, ఎవరిని కూడదు, తప్పు చేసినవాణ్ణి ఎలా వెలివెయ్యాలి అన్నవి అందులో ఉన్నాయి. వెలి అన్న శిక్ష పాదిరి తెచ్చింది కాదు, కుల పంచాయితీ నుంచి తీసుకున్నది. తీర్పు చెప్పడానికి కూర్చున్న పెద్దలూ పాత ఊరి పెద్దల్లాంటివాళ్ళే.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ చూడీ పెళ్ళిళ్ళ మీద. చూడీ అంటే గాజు. మొగుడు పోయినా, మొగుడితో పొసగక విడిపోయినా, ఆడమనిషికి ఇంకొకతను గాజులు తొడిగి ఇంటికి తీసుకుపోతాడు. కులం ఒప్పుకుంటుంది, పాత మొగుడికి పరిహారం ఇప్పిస్తుంది. మనవాళ్ళ మారుమనువు అదే. పాదిరి దాన్ని వ్యభిచారమని రాసుకున్నాడు. బాప్తిస్మం పొందినవాళ్ళు ఆదివారం గుడికి వచ్చారు, పాటలు పాడారు, పిల్లలను బడికి పంపారు, అవసరం పడ్డప్పుడు చూడీ తొడుక్కున్నారు. మిషన్ రికార్డుల నిండా ఈ ఫిర్యాదులే. తెలుగు క్రైస్తవులు పశ్చాత్తాపాన్ని మారుమనస్సు అంటారు. బిస్రాంపూర్ పాదిరి మారుమనస్సు అడిగితే జనం మారుమనువు వదల్లేదు. ఇందులో జనం తప్పు కనపడదు. మొగుడు కొట్టి తరిమిన మనిషికి బతకడానికి చూడీ ఒక దారి. ఆ దారి మూసినవాడు ఇంకో దారి చూపలేదు.

ఈ చరిత్రను తవ్వి రాసినవాడు సౌరభ్ దూబే. 1998లో వచ్చిన అతని పుస్తకం సత్నామీల గురించి చదవదలచినవాళ్ళకు మొదటి మెట్టు. మతం మారినవాళ్ళు పాదిరి చెప్పింది చెప్పినట్టు మింగలేదు, తమ పాత కథలో కలిపి కొత్త కథ చేసుకున్నారన్నది అతని వాదనలో ముఖ్యమైన భాగం. ఆ కథలు వింటే అది నిజమేననిపిస్తుంది. పూరీ యాత్రకు బయల్దేరిన ఘాసీదాస్‌కు దారిలో ఒక పాదిరి యేసు సంగతి చెప్పాడట. టోపీవాడు ఒకడు వచ్చి అసలు సత్యనామం చెబుతాడని ఘాసీదాసే ముందుగా చెప్పిపోయాడట. చరిత్ర కోర్టులో ఇవి నిలబడవు. కానీ వీటి పని వేరు. గురువును వదిలేసి వచ్చామన్న దోషం తమ మీద లేకుండా చేసుకోవడానికి చెప్పుకున్న కథలివి. ఘాసీదాస్ ఇచ్చింది స్వరూపం, యేసు ఇచ్చేది పోలిక. ఇరేనియస్ పేరు వినకుండానే ఇరేనియస్ లెక్క చెప్పారు.

ఇదే కాలంలో ఇదే కథ తెలుగు నేల మీదా జరిగింది. ఇక్కడ ఘాసీదాస్ స్థానంలో రాజయోగం ఉంది. కనిగిరి వైపు మాదిగ కుటుంబానికి చెందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు. పైగా యోగ గురువు, తనవాళ్ళలో శిష్యులున్నవాడు. గుడిలోకి రానివ్వని కులంలో పుట్టి, గుడి లోపలే ఉందని నేర్చినవాడు. తోళ్ళ కోసం ఉత్తరాన గోదావరి వైపు వెళ్ళినప్పుడు క్రైస్తవం విన్నాడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు లైమన్ జ్యూయెట్ దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్నాడు, భార్య నాగమ్మతో సహా. అదే ఏడు ఇంకో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లఫ్ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. పేరయ్య ఊరూరా తిరిగాడు. జనం అతన్ని విన్నది పాదిరి మనిషిగా కాదు, గురువుగా. అతని కథ మనకు దక్కింది క్లఫ్ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ రాసిన 1899 నాటి పుస్తకం వల్ల. క్రైస్తవం సమాజాన్ని మార్చాలని అమెరికాలో వాదించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె తమ్ముడు.

పేరయ్య లాంటి యోగికి తెలుగు బైబిల్ ఒక చోట బాగా తెలిసిన మాట వినిపించి ఉండాలి. క్రీస్తులాగా మారడం అన్న భావానికి తెలుగు అనువాదంలో పడిన మాట సారూప్యం. సాలోక్యం, సామీప్యం, సారూప్యం, సాయుజ్యం అని ముక్తిని నాలుగు మెట్లుగా చెప్పుకునే దేశంలో అది మూడో మెట్టు. సాయుజ్యం దాకా, దేవుడిలో కలిసిపోయేదాకా, క్రైస్తవం వెళ్ళదు. దేవుడు దేవుడే, మనిషి మనిషే. రూపు కలుస్తుంది, మనిషి కరిగిపోడు. రాజయోగానికీ బాప్టిస్టు బోధకూ మధ్య అసలు తేడా అదే. అనువాదకులు మాట ఎంచుకోవడంలో గట్టివాళ్ళు.

క్లఫ్ ఆజ్ఞలు మూడే. ఆదివారం పని చెయ్యవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలను మొక్కవద్దు. వినడానికి తేలిక. ఊళ్ళో అవి చేసిన పని అంత తేలిక కాదు. చచ్చిన గొడ్డును లాక్కుపోవడం, జాతరకు డప్పు కొట్టడం మాదిగవాడి ఊరి పని. ధాన్యం కొలత దానికే వస్తుంది. జాతరలో డప్పు కొట్టనన్నవాడి చేతికి కళ్ళంలో గింజ రాలేదు. బావుల దగ్గర నీళ్ళు ఆపారు. బిస్రాంపూర్‌లో ఆజ్ఞలు పడకటింట్లోకి వెళ్ళాయి, ఒంగోలులో ఊరి వెట్టిలోకి వెళ్ళాయి. ఒంగోలు ఆజ్ఞలే మేలైనవి. అవి బలవంతుడితో తగువు పెట్టాయి.

1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. గంజి కోసం వచ్చారన్న మాట పడకుండా ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నీళ్ళలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలో దిగి ఇచ్చినవాళ్ళు తెలుగు బోధకులు. బిస్రాంపూర్ వైపు కూడా సంఘాలు పెరిగింది 1897, 1900 కరువుల్లోనే.

ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రపంచానికి వెళ్ళిన ఒక ఆలోచన కూడా ఉంది. 1897లో దమోహ్‌లో పుట్టిన మిషనరీ డోనల్డ్ మెక్‌గావ్రన్ బిలాస్‌పూర్ వైపు సత్నామీల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశాడు. తెలుగు ప్రాంతాలతో సహా పలుచోట్ల గుంపు మతమార్పిళ్ళను పరిశీలించి 1933లో పికెట్ అనే ఇంకో మిషనరీ రాసిన పుస్తకం అతన్ని కదిలించింది. 1955లో తన పుస్తకం రాశాడు. మనుషులు తమ కులం, తమ భాష, తమవాళ్ళను దాటకుండానే క్రైస్తవులు కావడానికి ఇష్టపడతారన్నది అతని సిద్ధాంతం. తర్వాత అమెరికా సంఘాలకు అది పాఠ్యమైంది. చూసింది నిజమే. కానీ ఘాసీదాస్ మాటకూ సృష్టి కథకూ అది ఎదురు నిలుస్తుంది. అందరిదీ ఒకే పోలిక అని చెప్పి, ఎవరి పోలికవాళ్ళతో వాళ్ళు కూర్చోమన్నట్టుంది. ఇవాళ తెలుగు పల్లెల్లో మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా ఉన్నచోటల్లా ఆ సిద్ధాంతం, దాని పేరు ఎవరికీ తెలియకపోయినా, ఆచరణలో ఉంది.

మతం మారితే కులం ఏమవుతుందన్న విషయంలో ప్రభుత్వానికి మాత్రం అనుమానం లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. జైత్‌ఖాం దగ్గర మొక్కే సత్నామీ షెడ్యూల్డు కులం. బిస్రాంపూర్ గుడిలో మోకరించే అతని దాయాది కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకు బీసీ-సి అన్న గది కేటాయించారు. ఉద్యోగాల్లో ఆ గదికి దక్కే వాటా ఒక్క శాతం.