ఏడుపు దిగమింగిన పాప

పిల్లల దుఃఖం గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఈసారి సలహాలు పక్కన పెట్టి కాస్త చరిత్ర చెప్తాను. డెబ్బై ఏళ్ళ కిందటి ఒక మూగ సినిమా కథ ఇది.

1940ల లండన్. పిల్లవాణ్ణి ఆసుపత్రిలో చేర్చుకున్నారంటే అమ్మానాన్నలు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. 1949 నాటికి గైస్ ఆసుపత్రిలో ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా చూడనిచ్చేవారు. సెయింట్ థామస్‌లో అయితే మొదటి నెలంతా పిల్లవాడికి కనపడకూడదు. సాయంత్రం 7కి వాడు నిద్రపోయాక వచ్చి, 8 లోపు చూసి వెళ్ళిపోవాలి.

వింటే మనకి ఒళ్ళు మండుతుంది. కానీ వాళ్ళు రాక్షసులేం కాదండీ. యాంటీబయాటిక్స్ రాకముందు రోజుల్లో డిఫ్తీరియా లాంటివి బయటినుంచి వార్డులోకి వస్తాయని భయం. ఆ భయం తగ్గాక కూడా రూలు పోలేదు. ఎందుకంటే రెండో కారణం ఒకటుంది, అది నర్సుల కళ్ళకి రోజూ కనిపించేదే. అమ్మ వచ్చి వెళ్తే పిల్లలు గోలగోల చేస్తారు. రాకపోతే నాలుగు రోజుల్లో వాళ్ళే సర్దుకుంటారు. అంటే అమ్మ రాకపోవడమే పిల్లలకి మంచిదన్నమాట! ఇదీ లెక్క.

మనం నవ్వక్కర్లేదు. ఏడ్చేవాళ్ళని ఓదార్చడానికి మన తెలుగులో ఉన్న మాటే ‘ఊరుకో’. నోరు ఊరుకుంటే లోపల బాధ కూడా ఊరుకుందనే మనమూ అనుకుంటాం.

ఈ లెక్క తప్పని పట్టుకున్నవాడు డాక్టరు కాదు. జేమ్స్ రాబర్ట్‌సన్ అని ఒక స్కాట్లండ్ మనిషి. యుద్ధకాలంలో లండన్‌లో అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల నర్సరీలో బాయిలర్ చూసుకునే పనికి చేరాడు. ఆవిడ పద్ధతి ఏంటంటే, పని ఏదైనా సరే, అక్కడున్న ప్రతివాళ్ళూ పిల్లల్లో తాము గమనించింది కార్డు మీద రాయాలి. బాయిలర్ మనిషి కూడా! చూడటం అక్కడే నేర్చుకున్నాడు. 1948లో జాన్ బౌల్బీ ఆయన్ని ఆసుపత్రుల్లో పిల్లల్ని గమనించే పనికి పెట్టుకున్నాడు.

వార్డులో కూర్చుని చూస్తే మూడు దశలు కనిపించాయి. మొదట పిల్లవాడు అమ్మ కోసం అరుస్తాడు, తిరగబడతాడు. తర్వాత ఆశ పోయి ముడుచుకుపోతాడు. ఆ తర్వాత లేచి ఆడుకుంటాడు, వచ్చినవాళ్ళందరికీ నవ్వు మొహం పెడతాడు, కానీ అమ్మ వస్తే మొహం తిప్పుకుంటాడు. ఈ మూడోదాన్నే ఆసుపత్రి వాళ్ళు ‘సర్దుకున్నాడు’ అని రాసుకునేవారు.

చెప్తే ఎవరూ నమ్మలేదు. అందుకని కెమెరా పట్టుకున్నాడు. ఎవరినో ఏరి తెచ్చారనకుండా, చేరబోయే పిల్లల జాబితాలోంచి చూడకుండా ఒక పేరు తీశారు. లారా, రెండేళ్ళ ఐదు నెలలు, హెర్నియా ఆపరేషను, ఎనిమిది రోజులు. రోజూ ఒకే వేళకి తీశాడు. గోడ గడియారం కూడా ఫ్రేములో కనపడేలా పెట్టాడు, రేపు ఎవరూ వేలెత్తి చూపకుండా.

తీరా చూస్తే లారా ఏడ్చే పిల్లే కాదు! ఆ వయసుకి అంత నిబ్బరం అరుదు. ఇంక ఈ పిల్లలో ఏం కనపడుతుందిలే అని రాబర్ట్‌సన్‌కే అనుమానం వచ్చింది. కానీ సినిమాలో చూడండి, ఉన్నట్టుండి పెదవి వణుకుతుంది, మొహం ముడుచుకుపోతుంది, కొన్ని క్షణాల్లోనే మళ్ళీ సర్దుకుంటుంది. ఎలుగుబంటి బొమ్మని గట్టిగా హత్తుకుంటుంది. వేరే ఏదో మాట మధ్యలో, అమ్మ ఏది అని నెమ్మదిగా అడుగుతుంది. ఇంటికి వెళ్ళే రోజున అమ్మ చెయ్యి ఇస్తే పట్టుకోదు. ఆ ఒక్క దృశ్యం చాలండి.

1952 నవంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో సినిమా వేశారు. డాక్టర్లూ నర్సులూ మండిపడ్డారు. ఈ పిల్ల అందరిలాంటిది కాదు, మా వృత్తికే మచ్చ తెస్తున్నావు అన్నారు. అలా కోపగించుకున్నవాళ్ళలో డెర్మాడ్ మెకార్తీ అనే పిల్లల డాక్టరు ఒకడు. తిరిగి తన వార్డుకి వెళ్ళాక, సినిమాలో చూసిందే అక్కడా కనపడటం మొదలైంది. ఆయన వార్డు సిస్టరు కూడా అది నిజమే అంది. దాంతో ఏమర్‌షమ్‌లోని తన వార్డులో తల్లుల్ని పిల్లలతోనే ఉండనిచ్చాడు. రాబర్ట్‌సన్ 1958లో విడుదల చేసిన రెండో సినిమా అక్కడ తీసిందే. తల్లి పక్కనే ఉన్న పిల్ల కథ అది. ఆ పిల్లా ఏడుస్తుంది, అయితే అమ్మ ఒళ్ళో ఏడుస్తుంది.

మన సర్కారు ఆసుపత్రుల్లో తల్లి మంచం పక్కనే చాప వేసుకుని పడుకోవడం మామూలే. సిద్ధాంతం చదివి కాదు, పిల్లాణ్ణి ఇంకెవరు చూస్తారని!

1959లో ప్లాట్ కమిటీ, తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వండి అని నివేదిక ఇచ్చింది. ఆసుపత్రులు కదల్లేదు. 1961లో రాబర్ట్‌సన్ పత్రికలో రాసి, టీవీలో సినిమా ముక్కలు చూపించాక, లండన్ బాటర్‌సీలో కొందరు తల్లులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. కాగితం మీదున్న నివేదికని వార్డు తలుపు దాకా తీసుకెళ్ళే పని ఇక వాళ్ళు అందుకున్నారు. ఆ సంఘం కథ పెద్దది, వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.