డ్రంక్ అండ్ డ్రైవ్: క్యాబ్ దొరకని చోట యాప్‌లు ఏం చేస్తాయి? జగదేవ్‌పూర్ రోడ్డులో ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది

గజ్వేల్‌లో దావత్. రాత్రి పదిన్నర దాటింది. జగదేవ్‌పూర్ వెళ్లాలి. బయట బైక్ ఉంది, జేబులో ఫోన్ ఉంది. ఇదే హైదరాబాద్‌లో అయితే ఓలా, ఉబర్, ర్యాపిడో.. ఏదో ఒకటి ఓపెన్ చేస్తే బండి వస్తుంది. మన బండిని మన ఇంటికే తీసుకెళ్లే డ్రైవర్‌ను పంపే యాప్‌లూ ఉన్నాయి. సిద్దిపేట జిల్లాలోని మండలాల్లో ఆ సదుపాయం నగరంలో ఉన్నట్టు ఉండదు. ఆర్టీసీ 2023లో తెచ్చిన గమ్యం యాప్ బస్సు ఎక్కడుందో చూపిస్తుంది. కానీ చివరి బస్సు వెళ్లిపోయాక దాంతో పనేముంది?

సమస్య మాత్రం ఊళ్లలోనే ఎక్కువ. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో దాదాపు 68 శాతం మరణాలు గ్రామీణ ప్రాంతాల్లోనే. అన్నీ మందు వల్ల జరిగినవి కావు. కానీ లైట్లు లేని రోడ్డు, హెల్మెట్ లేని తల.. వీటికి మందు తోడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే కేసే. బైక్, ఆటో, ట్రాక్టర్.. ఏదైనా ఒకటే రూల్. మొదటిసారి దొరికితే 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ సస్పెండ్ కావచ్చు.

యాప్ లెక్క ఎలా వేస్తుంది?

"ఎంత తాగారు, ఎప్పుడు తాగారు, మీ బరువెంత" అని అడిగి రక్తంలో ఆల్కహాల్ ఎంతుందో చెప్పే యాప్‌లు ప్లే స్టోర్‌లో చాలానే కనిపిస్తాయి. ఎక్కువ యాప్‌ల వెనక ఉన్నది స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1930ల్లో ఇచ్చిన సూత్రమే. ఆ లెక్కను మన భాషలో వేసి చూద్దాం.

70 కిలోల మగమనిషి 5 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరు ఒక్కటి తాగితే, లెక్కలో దాదాపు 54 మిల్లీగ్రాములు వస్తుంది. అంటే "ఒక్క బీరే కదా" అన్నా లిమిట్ దాటినట్టే. స్ట్రాంగ్ బీరు అయితే ఇంకా ఎక్కువ. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీకి సుమారు 128. శరీరం గంటకు తగ్గించేది 15 దాకా మాత్రమే. రాత్రి 8 గంటలకు మొదలుపెట్టి క్వార్టర్ తాగితే, 30కి దిగేసరికి తెల్లవారుజామున రెండున్నర. హాఫ్ తాగితే మరుసటి రోజు పొద్దున 11 దాటుతుంది! రాత్రి తాగి పడుకుని, పొద్దున్నే కూరగాయల ట్రాలీతో వంటిమామిడి మార్కెట్‌కు బయల్దేరే డ్రైవర్‌కు ఈ లెక్క అసలు గుర్తుండదు. నిమ్మకాయ, మజ్జిగ, చన్నీళ్ల స్నానం.. ఏవీ దీన్ని తొందరగా తగ్గించలేవు.

ఈ యాప్‌ను "ఇంకా పోనిస్తుందా" అని చూసుకోవడానికి వాడకూడదు. ఇది అంచనా మాత్రమే. ఆడవాళ్లకు, బరువు తక్కువున్నవాళ్లకు అంకె ఇంకా పెరుగుతుంది. పైగా యాప్ మెనూలో బీరు, వైన్, విస్కీ ఉంటాయి. కల్లు సంగతేంటి? పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. ఈత కల్లు, తాటి కల్లు వేరు. అందులో ఎంత శాతం ఉందో కల్లు కాంపౌండ్‌లో ఎవరూ చెప్పలేరు, యాప్ అసలే చెప్పలేదు.

ఫోన్‌కు కలిపి ఊదే మెషీన్లు కూడా ఉన్నాయి. అమెరికాలో బ్రీతోమీటర్ అనే కంపెనీ మెషీన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యలు తీసుకుంది. 2017లో కొన్నవాళ్లకు డబ్బులు వాపస్ ఇచ్చేలా సెటిల్‌మెంట్ జరిగింది.

చెకింగ్ ఎక్కడుందో చెప్పే గ్రూపులు

"ఫలానా చోట డీడీ నడుస్తోంది, వేరే రూట్‌లో పోండి" అని వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టడం మనకు కొత్త కాదు. 2011లో అమెరికాలో నలుగురు సెనేటర్లు ఇలాంటి చెక్‌పాయింట్ యాప్‌లను తీసేయమని యాపిల్, గూగుల్, బ్లాక్‌బెర్రీ కంపెనీలకు లేఖ రాశారు. బ్లాక్‌బెర్రీ వెంటనే ఒప్పుకుంది. పోలీసులే ప్రకటించిన చెక్‌పాయింట్లు తప్ప వేరేవి చూపించే యాప్‌లను అనుమతించబోమని యాపిల్ అదే ఏడాది రూల్ మార్చింది. మన దగ్గర మెసేజ్ పెట్టేవాళ్లు సాయం చేస్తున్నామనుకుంటారు. ఆ మెసేజ్ చూసి పక్క రోడ్డు పట్టినవాడు ఎదురుగా వచ్చేది ఎవరి బండో చూసుకోడు.

మరి ఇక్కడ పనికొచ్చేవి ఏవి?

అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2014లో సేఫర్‌రైడ్ అనే యాప్ తెచ్చింది. అది చేసే పని మూడే.. ట్యాక్సీకి ఫోన్, మనవాళ్లకు ఫోన్, నేనెక్కడున్నానో చూపించడం. ఈ మూడింటికీ మన ఫోన్‌లో ఇప్పటికే దారి ఉంది.

తాగక ముందే, అంటే గ్లాసు పట్టకముందే, ఊళ్లో తెలిసిన ఆటో అన్నకు ఫోన్ చేసి టైమ్ చెప్పాలి. తాగాక "నేను బాగానే ఉన్నా" అనిపిస్తుంది, ఫోన్ చెయ్యబుద్ధి కాదు. బైక్ తాళంచెవి తాగని దోస్తు చేతిలో పెట్టండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు. దావత్‌కు పోయేటప్పుడే 8 గంటలది ఇంట్లోవాళ్లకు పెడితే, చుక్క కదిలినప్పుడు "ఎవరు నడుపుతున్నరు?" అని వాళ్లే ఫోన్ చేస్తారు. కొండపోచమ్మ జాతరకు నలుగురైదుగురు కలిసి పోయేవాళ్లు డ్రైవర్ ఎవరో బయల్దేరే ముందే గ్రూపులో రాసి పెట్టుకోవచ్చు. ఆ ఒక్కరు ఆ రోజు కల్లు కూడా ముట్టకూడదు.

ఎక్కిన ఆటో డ్రైవరే తాగి ఉంటే? దిగిపోవడం మొదటి పని. ఒంటరిగా వెళ్లే మహిళల కోసం తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్ తెచ్చారు. ప్రయాణం పూర్తయ్యేదాకా పోలీసులు గమనిస్తారు. స్మార్ట్ ఫోన్ లేకపోయినా 100కి డయల్ చేసి 8 నొక్కితే చాలు. రోడ్డు మీద ఎవరైనా ఊగుతూ బండి నడుపుతుంటే వెంటపడి వీడియో తీయొద్దు. పక్కకు ఆగి, బండి నంబర్, ఏ ఊరి వైపు వెళ్తోందో చెబుతూ 112కి ఫోన్ చేయండి.